ఇప్పచెట్టుకు కట్టిన తాడు

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్ను నోరు మూసుకోమన్నవాళ్లే గానీ, మాట్లాడటానికి రమ్మని పిలిచినవాళ్లు లేరు. ఇంట్లో నాన్న, కాలేజీలో ప్రిన్సిపాలు, పెళ్లయ్యాక అత్తగారు, ఇప్పుడు వర్క్‌షాపులో ఆఫీసరు, అందరిదీ అదే పాట. అలాంటిది ఆమధ్య ఒక ఆగస్టు సాయంత్రం మా ఆఫీసరే నన్ను గదిలోకి పిలిచి, "ఇక్కడ రోజంతా మాట్లాడుతూనే ఉంటారు కదా, రేపు వెళ్లి అక్కడ మాట్లాడండి" అన్నారు. వెళ్లాను. మాట్లాడాను. కాకపోతే ఒక మాట మార్చేశాను, ఒక మాట మింగేశాను. నలుగురితో దెబ్బలాడి గెలిచిన సంగతులు నాకు గుర్తుండవు. ఈ రెండు మాటలు మాత్రం వదలవు.

జగదల్‌పూర్ ఊరి చివర, భద్రతా దళాల బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో నేను స్టోర్సు గుమాస్తాని. యూనిఫాం లేని ఉద్యోగం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను రైల్వే క్వార్టర్సులో పుట్టి, ఇక్కడే బీఎస్సీ చదివి, ఇక్కడే జుట్టు నెరిపించుకున్నాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, కూరల సంతలో హల్బీ. బస్తర్ నాకు బాగా తెలుసని నా నమ్మకం. కొంప ముంచింది ఆ నమ్మకమే.

యుద్ధమంటే టీవీలో తుపాకులు చూపిస్తారు. ఇరవై ఏళ్లుగా నేను చూసేది బేరింగులు, గ్రీజు డబ్బాలు, అరిగిపోయిన క్లచ్ ప్లేట్లు, బురద. ముఖ్యంగా బురద. వానాకాలం వచ్చిందంటే బండ్లు మా గేటులోకి బురద బొమ్మల్లా వస్తాయి. కడిగి, విప్పి, బిగించి పంపిస్తాం. పది రోజులకు అదే బండి, అదే బురద, అదే డ్రైవరు. ఎవరు గెలుస్తున్నారని ఎవరైనా అడిగితే నాకు తెలీదు. ఏ సైజు బోల్టు నిండుకుందో అడిగితే నిద్రలో కూడా చెబుతాను.

మా వర్క్‌షాపులో అందరికంటే అలిసిపోయిన మనిషి రికవరీ బండి పెద్ద. అందరూ ఉస్తాద్ అంటారు. హర్యానా మనిషి. సైన్యంలో ఉద్యోగకాలం పూర్తి చేసుకుని ఇక్కడ మళ్లీ చేరాడు. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. మిగతా సగం ఇనుప తాడు తీసుకుపోయిందని, పాత గొడుగు పోయినట్టు చెప్తాడు.

"బండి చెడిపోతే మెకానిక్కు కావాలి. కానీ దీదీ, బండి మెకానిక్కు దగ్గరికి రాకపోతే? గోతిలో పడితే? అప్పుడు నేను కావాలి." ఇదీ తన ఉద్యోగం గురించి ఆయన చెప్పే మాట. సైన్యంలో ఆయన నడిపింది టాంకు లాంటిదే. కింద టాంకు ఒళ్లు, అవే గొలుసు చక్రాలు, అదే ఉక్కు కవచం. పైన ఫిరంగి మాత్రం ఉండదు. దాని బదులు పక్కన ఒక క్రేను, ముందు నేలలోకి దింపి పట్టు బిగించుకోవడానికి పెద్ద పారలాంటి పలక, కడుపులో తాడు చుట్టుకునే వించ్. గుళ్లు పడే చోటికే వెళ్లి, కూరుకుపోయిన టాంకుని లాక్కొస్తుంది.

"అంటే అందరితో పాటు యుద్ధానికి పోతుంది, దెబ్బలు తింటుంది, తిరిగి ఒక్క గుండూ పేల్చదు" అన్నాను ఒకసారి. "మా అత్తగారింట్లో నాలాగ."

"మీరు పేల్చరా?" అన్నాడు ఉస్తాద్ టీ గ్లాసు కింద పెడుతూ. "పోయిన వారం టైర్లు అడగడానికొచ్చిన డ్రైవరు మీ స్టోర్లోంచి ఏడుస్తూ బయటికొచ్చాడు కదా, అతన్ని నేనే ఓదార్చాను."

ఇక్కడి రికవరీ బండికి గొలుసు చక్రాలు లేవు. టైర్లే. ముందు కవచం ఉన్న క్యాబిన్, వెనక క్రేను, వించ్. దానికి కావాల్సిన తాళ్లు, కప్పీలు, కొక్కేలు ఇచ్చేది నేను, వాడేది ఆయన. ఎనిమిదేళ్లు అలా పోట్లాడుకుంటూ పనిచేశాం.

ఆ ఆగస్టులో నాలుగు రోజులుగా ముసురు. ఎర్రబోరు దాటాక రోడ్డు పక్క పల్లెలో, మందుపాతరలకు తట్టుకునేలా కట్టిన బండి ఒకటి రోడ్డు అంచు జారి వరి మడిలో కూరుకుపోయిందని కబురొచ్చింది. లోపలివాళ్లకి దెబ్బలేం తగల్లేదు. బండి మాత్రం కదలడం లేదు. ఆ ఊళ్లో మాట్లాడేది తెలుగు, దోర్లీ. తెలుగొచ్చిన మా డ్రైవరు సెలవులో ఉన్నాడు. అందుకని నేను.

తెల్లారకముందే బయల్దేరాం. ఆడమనిషి ఎక్కుతుందని ఎవడూ కలలో కూడా అనుకోకుండా కట్టిన బండి అది. జానెడు అద్దంలోంచి దర్భా ఘాటీ, సుక్మా, దోర్నపాల్ ముక్కలు ముక్కలుగా కనిపించాయి. నేను ఉస్తాద్‌ని, బండి కట్టినవాణ్ణి, రోడ్డు వేసినవాణ్ణి వరసగా తిట్టుకుంటూ కూర్చున్నాను. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నడుము నాది కాకుండా పోయింది.

కూరుకుపోయిన బండి ముక్కు ముందుకు వంగి, కడుపు దాకా మట్టిలో ఉంది. చుట్టూ నాటు వేసిన మడి. గొడుగులు, గోనెసంచి కొప్పెరలు వేసుకుని ఊరివాళ్లు పాతికమంది దూరంగా నిలబడ్డారు. ఉస్తాద్ ముందు బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, కర్ర పట్టుకుని బండి చుట్టూ మూడుసార్లు నడిచాడు.

"బూటుకి ఏం తెలుస్తుంది దీదీ" అన్నాడు నేను ముఖం చిట్లిస్తే. "పాదానికైతే తెలుస్తుంది."

ఆయన పాదానికి తెలిసింది ఇదీ. బండిని పక్కకి, అంటే రోడ్డు మీదికి నేరుగా లాగితే అది బోర్లా పడుతుంది. మడి వెంట ముందుకి, గట్టు వాలుగా ఉన్న చోటికి లాగాలి. కానీ ఆ ముందువైపు రికవరీ బండి నిలబడటానికి చోటు లేదు, అదీ కూరుకుపోతుంది. కాబట్టి రికవరీ బండి రోడ్డు మీదే ఉండాలి. ముందువైపు దేనికైనా ఒక కప్పీ కట్టి, తాడుని దాని మీదుగా తిప్పి లాగాలి. ముందువైపు, మడి మూల, గట్టు మీద ఒక ఇప్పచెట్టు ఉంది. ఇద్దరు మనుషులు చేతులు కలిపితే గానీ అందనంత మాను.

"చెట్టు ఎవరిదో అడగండి. కట్టుకోవచ్చేమో కనుక్కోండి" అన్నాడు ఉస్తాద్. అడక్కుండా ఎవరి వస్తువూ ముట్టుకోడు. సైన్యంలో పంజాబు వైపు ఒక రైతు గొడ్డలి పట్టుకుని తరిమాడట, అప్పట్నుంచి.

తలకి తువ్వాలు చుట్టుకుని మడి గట్టు మీద నిలబడ్డ రైతు దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుంటాయి.

"ఈ పొలం ఎవరిది?" అన్నాను.

"నాదే మేడం."

"ఆ ఇప్పచెట్టుకి తాడు కట్టుకుంటాం. కట్టుకోవచ్చా?"

అతను చెట్టు వంక చూశాడు, కవచం బండి వంక చూశాడు, దాని పక్కన తుపాకులతో నిలబడ్డవాళ్ల వంక చూశాడు. "కట్టుకోండ్రి. మీరు అడిగితే మేం వద్దంటమా?"

నేను వెనక్కి తిరిగి హిందీలో అరిచాను. "సరేనంటున్నాడు!"

అంతే. చెట్టు ఎవరిదని అడగమంటే పొలం ఎవరిదని అడిగాను. రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. నేల ఎవరిదైతే దాని మీద మొలిచింది వాళ్లదే, ఇందులో అడగడానికేముంది? ఇక రెండో మాట. 'మీరు అడిగితే మేం వద్దంటమా' అన్నప్పుడు అతని గొంతు నాకు వినబడింది. వినబడలేదని అబద్ధం చెప్పను. ఎదుటివాడి గొంతులో ఏముందో పట్టుకుని పోట్లాడటమే నా బతుకంతా చేసిన పని. కానీ నడుము పట్టేసింది, చీర తడిసి కాళ్లకి చుట్టుకుంటోంది, చీకటి పడేలోపు బండి బయటికి రావాలని తుపాకులవాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు. మింగేశాను.

చెట్టు మొదట్లో ఇనుప తాడు చుట్టేముందు గోనెసంచులు నాలుగు మడతలు పెట్టి, వాటి మీద చెక్కలు నిలబెట్టాలి. లేకపోతే తాడు బెరడులోకి కోసుకుపోతుంది. ఆరోజు మా దగ్గర ఉన్న చెక్కలన్నీ కూరుకుపోయిన చక్రాల కిందికి అవసరమయ్యాయి. ఉస్తాద్ చెట్టు దగ్గర నిలబడి ఒకసారి చక్రాల వైపు, ఒకసారి మాను వైపు చూశాడు. గోనెలు ఇంకో రెండు మడతలు పెట్టించాడు. "చూద్దాం" అన్నాడు. ఆ మనిషి నోట 'చూద్దాం' అనే మాట నేను వినడం అదే మొదలు.

తర్వాత అందర్నీ దూరం పంపించాడు. బిగిసిన తాడు తెగితే దాని పొడవంతా తిరిగి కొడుతుంది. కప్పీ కట్టు ఊడితే తాడు మడత లోపలివైపుకి దూసుకొస్తుంది. ఆ లోపలివైపు ఒక్క మనిషి ఉండకూడదు. ఇది నేను ఊరివాళ్లకి మూడుసార్లు చెప్పాను. నా గొంతు గురించి వేరే చెప్పక్కర్లేదు కదా, అందరూ వెనక్కి జరిగారు.

ఉస్తాద్ చెయ్యెత్తాడు. వించ్ మూలిగింది. తాడు నీళ్లు చిమ్ముతూ మెల్లగా లేచి, బిగిసి, తీగలా పాడటం మొదలెట్టింది. బండి అంగుళం కదిలిందో లేదో, చెట్టు దగ్గర గోనెలు పర్రుమని చినిగాయి.

అప్పుడొచ్చింది ఆవిడ. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరం చూడలేదు. డెబ్బై ఏళ్లుంటాయేమో. మోకాళ్ల దాకా కట్టిన చీర, నెత్తి మీద తాటాకు గిడుగు. సరిగ్గా తాడు మడత లోపలికి, ఉండకూడని చోటికి నడిచొచ్చి, చెట్టుకి వీపు ఆనించి నిలబడింది. ఒక చెయ్యి బిగిసిన తాడు మీద వేసింది.

ఉస్తాద్ పిడికిలి బిగించి గాల్లో నిలిపాడు. వించ్ ఆగింది. ఎవరూ కదల్లేదు. నేను ఒక అడుగు ముందుకి వేస్తే, "మీరు ఆగండి!" అని అరిచాడు. ఎనిమిదేళ్లలో నా మీద అరవడం అదొక్కటే. ఒక్కసారిగా వదిలేస్తే కప్పీ ఎగురుతుందట. వేళ్లు గాల్లో మెల్లగా ఆడిస్తూ తాడుని జానెడు జానెడు సడలించాడు. ఆ కాసేపూ నేను చూసింది ఆయన సగం వేలుని. తాడు చచ్చిన పాములా నీళ్లలోకి వాలాకే ఊపిరి పీల్చుకున్నాం.

అప్పటికే ఆవిడ మొదలెట్టింది. "ఎవలనడిగి కట్టిన్రు?"

"అడిగే కట్టాం అవ్వా" అన్నాను. "పొలమాయన్ని అడిగాం."

"పొలం వానిది. చెట్టు నాది."

"చెట్టు పొలంలో లేదేటి?"

"ఉంటే? నీ నెత్తి మీద కాకి వాలితే, కాకి నీదైతదా?"

వెనక పాతికమంది నవ్వారు. నేను తువ్వాలు మనిషి వైపు తిరిగాను. "ఏటయ్యా ఇది? చెట్టు నీది కాదా?"

"చెట్టు మా పెద్దమ్మదే మేడం" అన్నాడు నేల చూస్తూ. "మీరు పొలం ఎవరిదన్నరు. నాదన్న. తాడు కట్టుకుంటమన్నరు. తుపాకులు పట్టుకుని అడిగితే నేనేమనాలె?"

ఆవిడ విడమరిచి చెప్పింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మడి చిన్నవాడికి, అంటే ఈ తువ్వాలు మనిషి తండ్రికి పోయిందట. గట్టు మీద చెట్టు పెద్దకొడుకు వంతుకి వచ్చింది. పెద్దకొడుకు ఈవిడ మొగుడు, పోయాడు. అంతకుముందు ఆ చెట్టు అత్తగారిది. ఇక్కడ ప్రతి ఇప్పచెట్టూ ఎవరో ఒకరిది. ఎవరి నేలలో ఉన్నా సరే, దాని కింద పువ్వు ఏరేది ఆ మనిషే. చైత్రంలో ఏరి, ఎండబెట్టి, ఏడాదంతా దాని మీదే బతకాలి. "నాకు మడి లేదు, మొగుడు లేడు, కొడుకు లేడు. ఈ చెట్టే ఉన్నది" అంది. ఏడవలేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పింది.

నలభై ఏడేళ్లు బస్తర్లో ఉన్నాను. ఎర్రటి ఎండలో చెట్ల కింద పువ్వు ఏరేవాళ్లని రైలు కిటికీలోంచి ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో. ఒక్కసారి కూడా ఆ చెట్టు ఎవరిదని ఆలోచించలేదు. అడవిది అనుకున్నాను.

ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "దీదీ, మీరు ఏమని అడిగారు?"

చెప్పాను. ఏమని అడిగానో, అతను ఏమన్నాడో, నేను ఎంత చెప్పానో. నా జీవితంలో అంత చిన్న గొంతుతో నేను మాట్లాడి ఉండను. ఆయన వంగి చినిగిన గోనెలు తీశాడు. రోడ్డు వైపు మాను మీద, జానెడు వెడల్పున బెరడు ఊడి, తెల్లటి చెక్క కనబడుతోంది. చుట్టూ సగం దాకా.

"చుట్టంతా తెగితే చచ్చిపోతుంది" అన్నాడు. "ఇంకొక్క లాగుడు లాగితే తెగేది."

ఆ మాట తెలుగులో చెప్పాను. ఈసారి మింగలేదు. ఆవిడ తలూపింది. "ఆ ముసలాయనకి తెలుస్తది. నీకు తెల్వదు. సదువుకున్నదానివి కదా."

అక్కడ తుపాకులతో కావలి ఉన్నవాళ్లకి వాళ్ల సాబు క్యాంపు నుంచి ఫోను చేస్తూనే ఉన్నాడు. చెట్టు పోతే పోయింది, బండి లాగండి అన్నది ఆయన మాట. ఉస్తాద్ ఫోను తీసుకుని, "సార్, చెట్టు పట్టు సరిపోవడం లేదు, ఇంకో పద్ధతి చూస్తున్నాను" అన్నాడు. చెట్టు పట్టు బ్రహ్మాండంగా ఉంది. ఆ అబద్ధం నాకు నచ్చింది.

ఇంకో పద్ధతి అంటే, పెద్ద మొద్దు ఒకటి తాడుకి అడ్డంగా నేలలో పాతి, దానికి కప్పీ కట్టడం. నడుము లోతు గొయ్యి తవ్వాలి. మొదటే ఎందుకు చెయ్యలేదంటే రెండున్నర గంటల పని, నలుగురు మనుషులు. ఉస్తాద్ దాన్ని ముర్దా అంటాడు, అంటే శవం. పాతిపెట్టేది కదా.

"మొద్దు కావాలి" అన్నాడు. చుట్టూ చూస్తే మొద్దు ఎక్కడుంది? నేను తిరిగి ఆవిణ్ణే అడగాల్సి వచ్చింది.

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మరిది కొడుకు వైపు గడ్డం తిప్పింది. "వాని కాలువ మీద తాటిమొద్దు ఉన్నది, దాటేటందుకు వేసుకున్నడు. తీసుకపోండ్రి."

"పెద్దమ్మా! నేనెట్ల దాటాలె?"

"నా చెట్టు చూపియ్యలె? నీ మొద్దు చూపియ్యి. మోకాలి లోతు నీళ్లే, దిగి నడువు."

అతను గొణుక్కుంటూనే వెళ్లి, మరో ఇద్దర్ని పిలుచుకుని మొద్దు మోసుకొచ్చాడు. గొయ్యి గట్టుకి అవతల, మెట్ట నేలలో తవ్వారు. మా వాళ్లు నలుగురు, ఊరివాళ్లు అయిదారుగురు. నేను గొడుగు పట్టుకుని ఒకసారి ఉస్తాద్ మాట తెలుగులో, ఒకసారి వాళ్ల మాట హిందీలో చెబుతూ నిలబడ్డాను. 'ఇంకా లోతు', 'రాయి తగిలింది', 'బీడీ ఉందా' దాకా ఒక్కటీ వదలకుండా. అలసిపోయాను. అబద్ధమెందుకు, ఆ రోజు చేసిన పనుల్లో అదొక్కటే సరిగ్గా చేశాను.

చీకటి ఇంకా పడలేదు, వెలుగు మాత్రం పలచబడింది. ఉస్తాద్ మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి ఆవిణ్ణి నా పక్కనే, మోచెయ్యి పట్టుకుని నిలబెట్టుకున్నాను. తాడు బిగిసింది. పాతిన మొద్దు మీద మట్టి కాస్త ఉబ్బి ఆగింది. మడిలోంచి ఒక శబ్దం వచ్చింది, బురద పెద్ద గేదెలా నోరు తెరిచి మూసినట్టు. బండి కదిలింది. నాలుగు బారలు నాటు తొక్కుకుంటూ వచ్చి, గట్టు వాలు ఎక్కి, ఆవిరి కక్కుతూ ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తువ్వాలు మనిషి తన మడి వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఉస్తాద్ నేరుగా చెట్టు దగ్గరికెళ్లాడు. చేతిలో గ్రీజు డబ్బా. ఆ మనిషి లోకంలో దేనికైనా గ్రీజే మందు. ఆవిడ అప్పటికే ఎర్రమట్టి, పేడ కలిపి ముద్ద చేసి గాయానికి మెత్తుతోంది. ఆయన రెండు వేళ్లతో గ్రీజు తీసేసరికి చెయ్యి మీద చట్‌మని కొట్టింది.

"నీ బండికి పూసుకో!"

అది నేను చెప్పక్కర్లేకుండానే ఆయనకి అర్థమైంది. డబ్బా మూత పెట్టి, పక్కన గొంతుక్కూర్చుని పేడముద్ద అందించడం మొదలెట్టాడు.

జనవరిలో ఉస్తాద్ రిటైరై సొంతూరు వెళ్లిపోయాడు. నెలకోసారి ఫోను చేసేవాడు. గోధుమ, చలి, కోడలి గురించి చెప్పి, చివర్లో ఎప్పుడూ అదే ప్రశ్న. "దీదీ, చెట్టు?" నాకేం తెలుసు? ఆఫీసు, స్టోరు, బురద ఎండి ధూళైంది. ఇప్పచెట్టు ఆకు రాల్చే కాలం అది, మోడులా నిలబడుతుంది. బతికిన కొమ్మా చచ్చిన కొమ్మా ఒకేలా ఉంటాయి. పువ్వు రాలితేనే తెలియాలి. ఆ మాట చెబితే, "అయితే పువ్వు రాలినప్పుడు చూసి చెప్పండి" అన్నాడు. రిటైరైనా పని చెప్పడం మానలేదు.

చైత్రంలో రెండు రోజులు సెలవు పెట్టాను. ఆఫీసరు ఎందుకని అడిగితే, చెట్టు చూడటానికన్నాను. వెటకారం అనుకున్నారు. సుక్మాలో తెలిసినవాళ్లింట్లో పడుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి ఆ ఊరి దగ్గర దిగాను. కాలువ మీద కొత్త తాటిమొద్దు వేసి ఉంది. దాని మీదుగా దాటాను.

చెట్టు కింద నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. ఆవిడ ఒంగి గంపలోకి ఏరుతోంది. లేత పసుపు పువ్వు, మెత్తగా, బరువుగా, మత్తెక్కించే తీపి వాసన. పడమటి వైపు నేల కనపడకుండా రాలింది. రోడ్డు వైపు ఊడ్చిన మట్టి ఊడ్చినట్టే ఉంది. అక్కడొకటి, అక్కడొకటి. తల ఎత్తి చూస్తే ఆ వైపు కొమ్మలు సగానికి సగం ఎండి ఉన్నాయి.

నన్ను చూసి నడుం ఎత్తింది. గుర్తుపట్టింది. "వచ్చినవా? మాటకో 'ఏటి' అనే ఆమెవి గదా."

"వచ్చాను అవ్వా."

చుట్టూ చూసి ఒక చిన్న గంప నా చేతికిచ్చింది. రోడ్డు వైపు చూపించింది. "అది నీ దిక్కు. ఏరు."

ఏరాను. నలభై ఏడేళ్ల నడుముతో, ఎండిన కొమ్మల కింద, ఒక్కో పువ్వుకి నాలుగడుగులు నడుస్తూ. ఆవిడ గంప రెండుసార్లు నిండి చాప మీదికి వెళ్లింది. నా గంప అడుగు కనబడుతూనే ఉంది. 

ఫోను మోగింది. ఉస్తాద్. ఆరోజు వెళతానని ముందే చెప్పాను, అందుకని. స్పీకరు పెట్టాను. "దీదీ, ఆవిణ్ణే అడగండి. చెట్టు ఎలా ఉందో."

అడిగాను. ఆవిడ ఫోను వైపు వంగి, హర్యానా దాకా వినబడాలన్నట్టు గట్టిగా చెప్పింది. "సగం ఉన్నది. ఈ సగం పైయేడు చూస్త. అప్పటికి చిగురెయ్యకపోతే కొమ్మలు కొట్టిస్త. మంచిగ అడిగుంటే తాటిమొద్దు ముందుగల్నే నేనే చూపిద్దును. ఆయన మంచోడే, కానీ తొందరపడ్డడు. ఈమె నోరు పెద్దది, అడిగింది తప్పు."

మొత్తం హిందీలో చెప్పాను. తొందరపడ్డాడన్నది చెప్పాను. నా నోరు సంగతి చెప్పాను. అడిగింది తప్పన్నదీ చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు.

అటునుంచి ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. తర్వాత ఉస్తాద్ అన్నాడు. "చెక్కలు చక్రాల కింద పెట్టింది నేను. అదీ చెప్పండి."

చెప్పాను. ఆవిడ గంప చంకలో సర్దుకుంటూ వింది.

"సరే, విన్న" అంది. "పైయేడు ఆయన్ని గుడ రమ్మను, మనుషులు సాల్తలేరు. నువ్వు ఫోను పెట్టేసి ఏరు. ఎండెక్కితే పువ్వు వాడుతది."